ఏడో రాయి ఎత్తు

సర్వేయరు నోరు మంచిది కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆఫీసులో అందరూ ఆయన్ని వెనకాల ‘మిల్లీమీటరు’ అనేవారు. అలాంటి మనిషి కింద కొలబద్ద పట్టే పని సొంత తమ్ముడికి రాసిపెట్టి ఉంది, పాపం.

పందొమ్మిదేళ్ల కిందట పెద్ద భూకంపం వచ్చి వెళ్లిన మూడో వారం, బజారు రోడ్డు వెంట పాతిన సర్వే రాళ్ల ఎత్తులు అన్నదమ్ములిద్దరూ మళ్లీ కొలిచారు. తమ్ముడు రాయి మీద కొలబద్ద నిలబెడతాడు, అన్న దూరం నుంచి దుర్భిణిలో చదువుతాడు. ఏడో రాయి పాత లెక్క కన్నా జానెడు ఎత్తుగా తేలింది.

“రాయి మీదే పెట్టావా, ఇటుక మీద పెట్టావా?”

“రాయి మీదే అన్నయ్యా. కావాలంటే వచ్చి చూడు.”

“రోడ్డు మీద గీత కూడా పడలేదు. నేల పగలకుండా జానెడు ఎలా లేస్తుందిరా? పొద్దున్నే పట్టించావా?”

తమ్ముడు తాగడు. ఆ సంగతి అన్నకూ తెలుసు. ఎండలో నాలుగడుగులు వేసి చూసొస్తే సరిపోయేది, కానీ ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకుంటే ఆయన ఆయనెలా అవుతాడు? వాళ్ల పనిలో నూలుపోగంత తేడా వస్తే దాన్ని రాళ్లన్నిటికీ తలా కాస్త పంచి లెక్క సరిపెట్టడం మామూలే. ఈ మహానుభావుడు జానెడు తేడానూ అలాగే పంచేశాడు. పైగా కొలబద్ద పట్టేవాడు మత్తులో ఉన్నాడని రిపోర్టు రాశాడు. తమ్ముడి ఉద్యోగం ఊడింది. ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

మొన్న చలికాలంలో భూగర్భ శాస్త్రం చదివిన ఒకావిడ ఆఫీసుకొచ్చి పాత పుస్తకాలు అడిగింది. సర్వేయరు ఆనాడు రోడ్డు మీదే కొలతలు రాసుకున్న పెన్సిలు పుస్తకం తీసిచ్చాడు. తేడా పంచకముందటి అంకె అందులో అలాగే ఉంది. ఆవిడ దాని మీద వేలు పెట్టి ఆగిపోయింది.

“ఈ రోడ్డు అడుగున, బాగా లోతులో, రాతిలో వాలుగా ఒక చీలిక ఉందండీ. పెద్ద భూకంపం వస్తే ఒక పక్క రాయి రెండో పక్క మీదికి ఎక్కుతుంది. చీలిక పైదాకా రాదు. అందుకే పైనున్న పొరలు పగలకుండా మడతపడి ఉబ్బుతాయి. చాపను ఒక అంచు నుంచి నెడితే మధ్యలో లేస్తుంది చూడండి, అలాగ. నాకు దొరికిన రుజువు ఇదొక్కటే. కొలబద్ద ఎవరు పట్టారు? మంచి నిలకడైన చెయ్యి.”

ఆయనకి సిగ్గుతో చెవులు మండిపోయాయి. బతికుండగా తమ్ముడి నోట మళ్లీ అన్నయ్యా అనిపించుకోవాలని ఒకటే తపన పట్టుకుంది. ఆ మధ్యాహ్నమే వాడి ఇస్త్రీ కొట్టుకి వెళ్లాడు.

“ఆ రోజు నువ్వు చెప్పిందే నిజంరా. నేలే లేచింది. తప్పు నాది. రిపోర్టు తిరగరాయిస్తాను.”

తమ్ముడు ఇస్త్రీపెట్టె ఆపలేదు. “ఎవరో చెప్తే ఇవాళ నమ్మావు.”

“ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను.”

“నీ కాగితం సంగతి విన్నాక అమ్మ నా చేతి మంచినీళ్లు ముట్టలేదు. తాగుబోతు వెధవ అనుకుంటూనే కన్నుమూసింది. ముందు వెళ్లి ఆవిడకి చెప్పిరా. నాతో తర్వాత మాట్లాడుదువుగాని.”