గడ్డం దగ్గర ఆగిన కత్తి

మా బావ సెలూన్‌కి ఎదురుగా పార్కు వచ్చినప్పుడు అందరూ అదృష్టమన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా అక్క మొగుడాయన. సెలూన్ పక్కనే నా జెరాక్స్ కొట్టు. మరదల్ని కాబట్టి ఆయన్ని ఆటపట్టించడానికి వెనకాడను గానీ, పనిలో మాత్రం వంక పెట్టలేను. ముప్ఫై ఏళ్ళు ఆ కుర్చీ వెనక నిలబడి ఎవరి చర్మానికీ గాటు పడనివ్వలేదు. అలాంటి మనిషికి నలభై ఎనిమిదో ఏట తుమ్ములు మొదలయ్యాయి. ఒకటీ రెండూ కాదు, వరసగా పదీ పన్నెండూ. కళ్ళు ఎర్రబడి ఒకటే నీళ్ళు. పౌడరు మార్చాడు, సబ్బు మార్చాడు. "ఇంకా నయం, నన్ను మార్చలేదు" అంది అక్క.

పుప్పొడి ఎలర్జీ అని డాక్టరు తేల్చాడు.

"ఈ వయసులోనా?" అన్నాడు బావ.

"దీనికి వయసుతో పనిలేదండీ. పచ్చదనం చెడ్డదని కాదు, చాలామందికి మేలే. కానీ మీ ఎదురుగా ఉన్న పార్కులో నేనూ నడుస్తాను. చెట్లన్నీ ఒకే రకం, ఒక్కసారే పూస్తాయి. గడ్డేమో కంకులు వేసేదాకా వదిలేస్తున్నారు."

పైగా ఆ గడ్డిని మిషనుతో కోసేది పొద్దున్న తొమ్మిదింటికి, సరిగ్గా జనం గడ్డాలు గీయించుకునే వేళకి! మాత్ర వేసుకుంటే తుమ్ములు తగ్గుతాయి, కళ్ళు మూతలు పడతాయి. కత్తి పట్టేవాడికి తుమ్మూ ప్రమాదమే, కునుకూ ప్రమాదమే.

నేనూ బావా పార్కుల ఆఫీసుకి వెళ్ళాం. చెట్లు కొట్టెయ్యమనలేదు. గడ్డి పూతకి రాకముందే, సెలూన్ మూసే రోజున కొయ్యమన్నాం. ఆఫీసరు నవ్వాడు.

"ఊరంతా పచ్చదనం కావాలంటుంటే నీ ఒక్కడికే వచ్చిందా ఇబ్బంది? తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుందయ్యా?"

బావ నన్ను బయటికి లాక్కురాకపోతే ఆ బల్ల మీది కాయితాలు అతని నెత్తిన పడేవి.

ఆ వారమే తుమ్ము మధ్యలో మాస్టారి గొంతు దగ్గర గాటు పడింది. బావ కత్తి పట్టిన మొదటి రోజుల నుంచీ వస్తున్న మనిషాయన. చిన్న గాటే. దూది అద్దుకుని వెళ్ళిపోయారు. బావ ఆ రోజు అన్నం ముట్టలేదు.

నాలుగు రోజులకి మాస్టారు మళ్ళీ వచ్చారు. ఎప్పటిలాగే కూర్చుని, గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకున్నారు.

"కానివ్వు."

బావ నురగ పట్టించాడు. కత్తి తెరిచాడు. ఎదురుగా పార్కులో మిషను మొదలైంది. బావ కత్తి మడిచేసి, తువ్వాలు తడిపి, ఆ నురగంతా తుడిచేశాడు.

"పక్క వీధిలో బాగా గీస్తారు మాస్టారూ. అక్కడికి వెళ్ళండి."

మాస్టారు కదల్లేదు. బావే చెయ్యి పట్టుకుని లేపాడు.