ఎడమ పక్కకు తిరిగి పడుకున్న రోజులు

పోయిన ఆదివారం మా అత్తమ్మ కన్నుమూసింది. తొంభై దాటిన మనిషి, సుఖంగా పోయిందని వచ్చినవాళ్లందరూ అన్నారు. ఆమె నాకేం చేసిందో వాళ్లకు తెలియదు. ఇన్నేళ్లూ నేనే చెప్పలేదు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి నాకు పెళ్లయి ఐదు నెలలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క గది కిరాయి ఇల్లు, అందులో మేమిద్దరం, అత్తమ్మ. పెరట్లో నాలుగు కుటుంబాలకూ ఒకటే పాయిఖానా. ఇల్లు కిరాయికిచ్చిన ఇంటామెది వేరు, దానికి తాళం. నాకేమో రోజుకు పన్నెండుసార్లు రక్తంతో విరేచనాలు. పెద్దపేగులో పుండ్లన్నారు దవాఖానలో. స్టెరాయిడ్ మందును సన్నటి రబ్బరు గొట్టంతో వెనకనుంచి ఎక్కించాలి, అరగంటైనా ఆపుకోవాలి. మూడు రోజులు నర్సమ్మ ఎక్కించింది. కర్ఫ్యూ పెడతారని తెలిసి మిగిలిన సీసాలు ఇచ్చి పంపింది. డ్యూటీకి పోయిన మా ఆయన అటే చిక్కుకుపోయాడు.

అత్తమ్మకు చదువు రాదు. నర్సమ్మ ఎక్కిస్తుంటే పక్కన నిలబడి చూసిందంతే. గొట్టాన్ని నీళ్లలో మరిగించి, ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకోమంది. నేను ససేమిరా అన్నాను.

"నీ మొగున్ని కన్నదాన్ని బిడ్డా. నాకు తెల్వని ఒళ్లా? జర తిరుగు," అంది.

ఆమె ఎక్కించిన మొదటి రెండుసార్లూ ఆపుకోలేకపోయాను. మందంతా బొంతపాలైంది. ఆమె బొంత ఉతికి ఆరేసి వచ్చి, తొందర తనదేననీ ఈసారి నెమ్మదిగా ఎక్కిస్తాననీ చెప్పింది.

వీధిలో పోలీసులు. పెరట్లో మూసిన పాయిఖానా తలుపు ముందు లైన్లో, కడుపు పట్టుకుని నేను. నెల తప్పావా అని ఇంటామె నవ్వుతూ అడిగితే తల వంచుకుని అవునన్నాను. అత్తమ్మ విన్నది. రోగం, నెత్తురు, మందు ఎక్కడినుంచి ఎక్కిస్తోందో, అంతా ఇంటామెకు చెప్పేసింది.

మూడు రోజులు అత్తమ్మతో మాట్లాడలేదు. అంత చిన్న గదిలో. అయినా పూటపూటా ఆమె గొట్టం తెచ్చేది, నేను గోడవైపు తిరిగేదాన్ని. మందు ఆపుకునే ఆ అరగంటా ఎవరూ రాకుండా ఆమె గడపకు అడ్డంగా కూర్చునేది.

నాలుగో రోజు ఇంటామె వచ్చి తన పాయిఖానా తాళంచెవి నా చేతిలో పెట్టి, ఏమీ అడగకుండా వెళ్లిపోయింది. అప్పుడు నోరు విప్పాను.

"ఎందుకు చెప్పినవ్ అత్తమ్మా?"

"అబద్ధమాడితే లైన్ల నిలబడేది నువ్వే గద బిడ్డా. నీ బదులు నేను నిలబడలేను."

రెండు వారాలకు నెత్తురు ఆగింది. ఆ రోగం తర్వాతా వచ్చిపోతూనే ఉంది కానీ, మళ్లీ ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

మా ఆయన తిరిగొచ్చిన మర్నాడు ముగ్గురం దవాఖానకు బస్సెక్కాం. దారిలో ఆపించుకోవచ్చని అంతకుముందు రిక్షాలోనే పోయేదాన్ని; ఎన్నో నెలల తర్వాత ఇదే నా మొదటి బస్సు. కాళ్లు బిగబట్టి కూర్చున్నాను. మలక్‌పేట దాటింది, దిగుతానని అనలేదు. మూసీ వంతెన మీదికి వచ్చేసరికి అత్తమ్మ తల నా భుజం మీద వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, గాఢంగా నిద్రపోతోంది.