ఎదుటి ఒడ్డు చరిత్రకారుడు సీతారామయ్య గారు

కెనడాలోని విండ్సర్ తెలుగు విద్యార్థులకు మొదటి ఆసరా, నదికి అవతల అమెరికాలో ఉన్న డెట్రాయిట్ నగర పూర్వచరిత్రకు మేమెరిగిన ఏకైక తెలుగు వ్యాఖ్యాత అయిన సీతారామయ్య గారు మొన్న మంగళవారం ఉదయం పరమపదించారు. ఆ దుర్వార్త వారి నంబరు నుంచే వచ్చింది. 'డెట్రాయిట్ పూర్వగాథలు' అనే వాట్సాప్ గ్రూపులో ఆయన ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే ఒక కథ పెట్టేవారు. ఆ రోజు ఆయన ఫోనులోంచి వారి సతీమణి సుభద్ర ఆంటీ రెండు ముక్కలు పెట్టారు. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను, ఆ గ్రూపును మేమంతా ఏనాడో మ్యూట్ చేశాం. అందుకే నాకు మధ్యాహ్నం దాకా తెలియలేదు. తెలిశాక కూడా ఆయన ఎప్పుడూ చెప్పే డెట్రాయిట్ కోట తగలబడిన కథేదో అయి ఉంటుందని మళ్లీ చదివాను.

వారిది తెనాలి ప్రాంతం. ఇక్కడ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మా బోటి పిల్లలు విమానాల కొద్దీ వచ్చి కాలేజీల్లో చేరుతున్న ఆ సంవత్సరాలలో, ఎవరు ఫోన్ చేసినా కారేసుకుని బస్‌స్టాండుకు వచ్చేవారు. ఆ ఔదార్యానికి షరతు ఒక్కటే: ముందు చరిత్ర, తరువాత భోజనం. నిజామాబాద్ నుంచి రెండు రోజులు ప్రయాణం చేసి దిగిన నన్ను తిన్నగా నది ఒడ్డుకు తీసుకువెళ్లి, తన బెంచీ మీద కూర్చోబెట్టి, ఎదుటి ఒడ్డున ఫ్రెంచి దొర పడవ దిగడంతో మొదలుపెట్టారు.

"అంకుల్, ఆకలైతుంది" అన్నాను.

"వాళ్లకీ అయిందమ్మా. అయినా ముందు కోట కట్టుకున్నారు."

దుంగలు పాతి, కోట లేపి, పక్కన చర్చి కట్టి, మొదటి చలికాలం గడిచేదాకా నన్ను లేవనివ్వలేదు. ఆ నదినే నమ్ముకుని అంతకు ముందు నుంచే బతుకుతున్న ఆదివాసుల ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గేది. వాళ్లను వదిలేసి చెబితే అది సగం కథే అనేవారు. ఇంటికి చేరాక ఆంటీ గుమ్మంలోనే, ఊరు తగలబడిందా అని అడిగారు. నేను బిత్తరపోయాను. కొత్తగా వచ్చిన పిల్లలు ఊరంతా కాలిపోయిన ఘట్టం దాకా విన్నారో లేదో కనుక్కుని గాని ఆవిడ కంచం పెట్టరని తరువాత తెలిసింది.

ఇక ఇక్కడికి వచ్చిన ప్రతి తెలుగు విద్యార్థీ చేసే తప్పు నేనూ చేశాను. నది ఒడ్డున సెల్ఫీ తీసుకుని, "మమ్మీ, ఇదే మా ఊరు" అని పంపాను. నా వెనక మెరుస్తున్న మేడలన్నీ డెట్రాయిట్‌వి. నేను ఉండబోయేది ఇవతలి ఒడ్డున, ఎనిమిది మంది ఇరుక్కున్న బేస్‌మెంట్‌లో. మా అమ్మ ఆ ఫోటో బంధువులందరికీ చూపించి, నేనుండేది ఏ మేడలో ఎన్నో అంతస్తని అడిగింది. ఆ సంగతి అంకుల్‌కు చెప్పి ఏడుపు ముఖం పెట్టాను. ఒకప్పుడు రెండు ఒడ్లూ ఒకే జనం కాపురమున్న ఒకే నివాసమని, పెళ్లికైనా చావుకైనా పడవెక్కి దాటేవారని చెప్పారు.

"నువ్వు చెప్పింది అబద్ధం కాదులేమ్మా. రెండొందల ఏళ్లు ఆలస్యంగా చెప్పావు, అంతే" అన్నారు.

ఆనాటి పొలాలు సన్నని పొడవాటి పట్టీలుగా ఎందుకుండేవో వివరించడానికి ఒక దీపావళికి ఆంటీ చేసిన మైసూర్‌పాక్ పళ్లెం బలైపోయింది. పళ్లెం అంచే నది అన్నారు. ప్రతి రైతుకూ నీటి రేవు దక్కాలని ఈ చివర నుంచి ఆ చివరకు సన్నగా కోశారు. ఒక్క ముక్కా చేతికి నిలవలేదు. పొడి స్పూనుతో తిన్నాం. ఆ పాఠం మాత్రం నేటికీ మరవలేదు.

ఈ ఫిబ్రవరిలో నాకు అమెరికా వీసా వచ్చింది. ఆయన నోట విన్న ఊరిని ఆయన పక్కన నిలబడి చూడాలన్నది నా ఏళ్లనాటి కోరిక. కారు నది కింది సొరంగంలోకి దిగితే నిమిషాల్లో అవతలి ఒడ్డు. పైగా ఆయన కెనడా పౌరుడు, వీసా అక్కర్లేదు. అయినా మోకాళ్లన్నారు, టైర్లన్నారు, మంచు అన్నారు. చివరికి ఆ బెంచీ మీదే అసలు సంగతి బయటపెట్టారు.

"నేనెప్పుడూ అటు వెళ్లలేదమ్మా. అక్కడ కోట లేదంట, ఇక్కడుండేదని రాసి ఒక పలక పెట్టారంట. ఇక్కణ్ణించైతే నాకు కోట కనపడుద్ది."

"ఇద్దరం పోదాం అంకుల్. పలక నేను చూస్త, మీరు కళ్లు మూసుకోండి."

ఆయన చాలాసేపు నవ్వి, మంచు కరగనీ, వస్తానన్నారు. మంచు కరిగింది. ఆయన ఆగలేదు.

ఈ రహస్యం రాయనా అని ఆంటీని అడిగాను. "రాయమ్మా. అది అందరికీ తెలుసు. తెలుసని ఆయనకే తెలీదు" అన్నారు, కళ్లు తుడుచుకుంటూ.

శనివారం ఒక్కదాన్నే వెళ్లాను. ఆయన అన్నట్టే కోట లేదు, పలక ఉంది. చదివాను. ఆయన చెప్పినదానిలో పదో వంతు కూడా లేదు. నదివైపు తిరిగితే అవతల మా విండ్సర్, పొట్టి మేడలతో, చెట్లతో. అంత దూరానికి బెంచీ కనబడలేదు గాని ఎక్కడుందో నాకు తెలుసు. ఫోటో తీసి, "మమ్మీ, ఇది మా ఊరు" అని పంపాను. అమ్మ వెంటనే ఫోన్ చేసి, ఆ పెద్ద మేడలేమైనయి అని అడిగింది. ఫ్రెంచి దొర పడవ దిగడంతో మొదలుపెట్టాను. అన్నం తినే వేళైందని మధ్యలో ఆపబోయింది. ముందు కోట కట్టనీ అన్నాను.

అంకుల్, మాలో ఎవరెంత చదివినా మీలా ఆకలితో కూర్చోబెట్టి చరిత్ర చెప్పగల గురువు మాకిక దొరకరు. మీ పాదాలకు నమస్కారం. గ్రూపు మ్యూట్ తీసేశాను. రోజూ పొద్దున్నే ఫోన్ చూస్తున్నాను.