పక్కింటి దేవుడికి మా అత్తగారి పసుపు

మొన్న క్రాన్‌బర్న్‌లో మా అమ్మాయి అద్దెకున్న ఇంటి పెరట్లో, నోరు తెరిచి గుడ్లురుముతున్న ప్లాస్టిక్ విగ్రహమొకటి కనబడగానే నేను చెప్పులు విప్పేశాను. “డాడ్, ఇట్స్ జస్ట్ డెకర్!” అని పిల్ల పగలబడి నవ్వింది గానీ, నా ఈడువాళ్లు మీరైనా నమ్మండి, నాకు మాత్రం సిడ్నీలో, ద పాండ్స్‌లో మేం కొత్తగా ఇల్లు కట్టుకున్న రోజులు కళ్లముందు తిరిగాయి.

అప్పటికింకా రెండిళ్ల మధ్య కంచె వెయ్యలేదు. పక్కింటి హవాయి పెద్దాయన తన పెరట్లో, నలుగురు పహిల్వాన్లు కూడా కదపలేని దుంగను చెక్కుతుంటే, ఆ బాడిత దెబ్బలకి అల్లంత దూరాన పారమట్టాలో రైళ్లు ఉలిక్కిపడేవి. అది వాళ్ల పూర్వీకులు కొలిచిన కూ అనే యుద్ధదేవుడు. వాళ్ల దీవుల్లో ఈ పనికి వాడే చెట్టు ఇక్కడ దొరకదని, దానికి చుట్టమయ్యే యూకలిప్టస్‌ను, ముందు ప్రార్థన చేసి, చెట్టునే అనుమతి అడిగి మరీ తెచ్చుకున్నాడు. వచ్చే శనివారం తనవాళ్లంతా చేరి మంత్రగానంతో దేవుణ్ణి అందులోకి పిలుస్తారు. అందాకా పైవాళ్లెవరూ ముట్టకూడదు.

ఈ సంగతి నాకు తెలుసు. కోనసీమ నుంచి అంతకుముందు రోజే దిగిన మా అత్తగారికి తెలియదు.

పొద్దున్నే కాఫీ గ్లాసుతో బయటికొచ్చేసరికి, ఆయన ఏడాది కష్టం మోకాళ్లదాకా పసుపు పూసుకుని, కుంకుమబొట్లతో మెరిసిపోతోంది. అత్తగారు కొబ్బరికాయ కొట్టడానికి ఆయన బాడితే ఎత్తుతున్నారు.

“అయ్యయ్యో అత్తయ్యా, అది పక్కింటివాళ్లదండీ!”

“అయితే? పోతురాజుబాబు పసుపైనా లేకుండా నించుంటే చూస్తూ కూచున్నారా? కళ్లేమయ్యాయి అల్లుడుగారూ?”

ఇంతలో పెద్దాయన రానే వచ్చాడు. ఆ పచ్చటి కాళ్ల ముందు వంగి, పసుపును వేలితో రాసి చూశాడు. పని మైలపడిందంటే శనివారం అందరినీ వెనక్కి పంపాల్సిందేనని గుర్తొచ్చి, మా అత్తగారు దీన్ని దేవుడనుకున్నారండీ అని ఇంగ్లిషులో నసిగాను. ఆయన చెక్కపేళ్ల మీద కూలబడి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు.

“వీధిలో ప్రతివాడూ ‘ఏ బార్‌లో అలంకారానికి, మేట్?’ అనడిగినవాడే. దేవుడని పోల్చింది ఆంటీ ఒక్కతే.”

అయినా కట్టుబాటు కట్టుబాటే. ఆవిడ చేతిలోంచి బాడిత మెల్లగా అందుకుని, ఆయన పసుపంటిన పొరను ఉల్లిపొర కన్నా పల్చగా చెక్కేస్తుంటే అత్తగారి మొహం చిన్నబోయింది. ఇంకా ప్రాణప్రతిష్ఠ కాలేదట అత్తయ్యా అన్నాను.

“ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!” అని నన్నే కసిరి, ఆయనకి రెండు చేతులూ జోడించారు.

శనివారం, ముత్యపుచిప్ప కళ్లతో ఆ దేవుడు సిడ్నీ మొత్తాన్ని గద్దిస్తున్నట్టు చూస్తుంటే, వాళ్ల గానం నా ఎముకల్లో మోగింది. అతిథుల్లో మొదట పిలిచింది పట్టుచీరలో ఉన్న మా అత్తగారినే. గర్వంతో నేనెంత పొంగిపోయానంటే, తెగి ఎగిరిన చొక్కా గుండీ ఇప్పటికీ దొరకలేదు.

అత్తగారు ఇప్పుడు లేరు. పెద్దాయన దేవుడితో సహా తన దీవులకు వెళ్లిపోయాడు. ఈ రోజుల్లో ఎక్కడ ఏ విగ్రహం కనబడినా అదేమిటో ఫోను క్షణంలో చెప్పేస్తుంది, మనమూ అది చెప్పిందాకా ఆగి, అప్పుడు నమస్కారం పెట్టాలా వద్దా అని ఆలోచిస్తాం. ఆవిడ మాత్రం ముందు పెట్టేసి, ఆనక పేరడిగేవారు.