అందిందని చెప్పేదాకా

పరిశోధన ఏసీ గదిలో కూర్చుని చేసేదంటే మా చోడవరంలో నా మాట ఎవరూ నమ్మరు. నన్ను వాళ్లు చూసిందెప్పుడూ పిల్లకాలువ గట్టు మీద, మోకాళ్ల దాకా బురదతోనే.

నేను పనిచేసేది నెట్‌వర్కుల మీద. ఒకే సమాచారాన్ని నాలుగైదు చోట్ల దాచి, మధ్యలో సిగ్నల్ పోయినా, తిరిగి వచ్చాక అన్నీ ఒకే మాట చెప్పేలా చూడాలి. సిగ్నల్ పోవడానికి మా కాలువను మించిన చోటు లేదు. అందుకే నాలుగు తూముల దగ్గర నాలుగు చిన్న పెట్టెలు బిగించాను. నీటి వంతు ఇప్పుడు ఎవరిదో, తర్వాత ఎవరిదో ప్రతి పెట్టెలోనూ ఉంటుంది. రైతు తన వంతు అవగానే మీట నొక్కినా, వంతు గడువు తీరినా అందరి ఫోన్లకూ కబురు వెళ్తుంది.

అంతకుముందు పద్ధతి వేరు. వంతు అయినవాడు నీళ్లను కిందికి మళ్లించి, పార పట్టుకుని వాటి వెంటే గట్టు మీద నడిచి వెళ్లేవాడు. అవతలి మడివాళ్లు "అందింది" అని కేకేస్తేనే ఇంటికి. చిన్నప్పుడు మా నాన్న వెనకాల అలా నడవలేక విసుక్కునేదాన్ని. ఆ నడక తప్పించానని నాకు లోలోపల గొప్పగా ఉండేది.

చివరి తూము కింద మా పిన్ని పొలం. బాబాయి పోయాక తనే చేసుకుంటోంది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఆమె నారుమడికి కాలువ నీళ్లే దిక్కు. పైమడి రైతు నీళ్లు వదిలి, మీట నొక్కి ఇంటికి వెళ్లిపోయాడు. సిగ్నల్ పోయింది, మళ్లీ వచ్చింది. నా పెట్టెలన్నీ బుద్ధిగా ఒకే మాట చెప్పాయి. పిన్ని వంతు మొదలైంది, గడువు తీరింది, వంతు మళ్లీ మొదటి తూముకు వచ్చింది. అక్కడి రైతు ఫోన్ చూసుకుని నీళ్లు తనవైపు కట్టుకున్నాడు. పిన్ని నీళ్లు మాత్రం దారిలో ఒక పీత బొరియలోంచి ఎవరిదో చెరుకు తోటలోకి పోయాయి.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి నారుమడి నెర్రెలిచ్చి ఉంది. పిన్ని గట్టు మీద కూర్చుంది. నేను ఫోన్ తీసి, వంతు సరిగ్గానే నడిచిందని చూపించబోయాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఫోన్లో ఏటుంటే నాకేటే గుంటా? నీళ్లొగ్గేనని ఆడు సెప్పేడు. అందిందని నేను సెప్పేనా?" అంది. తిట్టినా బాగుండేది.

అవతలి నుంచి జవాబు వస్తేనే కబురు చేరినట్టు. నేను విద్యార్థులకు మొదటి రోజు చెప్పే పాఠం అది. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఆ జవాబు పెట్టాను. మనిషిని అడగడం మరిచాను.

సంగతి తెలిసి మొదటి తూము రైతు వచ్చాడు. అతని మడి సగమే తడిసింది. "ముందు నీ నారు బతకాల వదినా" అని నీళ్లు కిందికి వదిలేశాడు. ముగ్గురం ఆ బొరియ పూడ్చాం. నారు సగం దక్కింది. అతని మేలు నేను మరువలేను.

ఆ వారమే ప్రతి పెట్టెకూ రెండో మీట పెట్టాను. నీళ్లు అందుకున్న మనిషి దాన్ని నొక్కేదాకా వంతు కదలదు. నా పరిశోధనలో తోటివాళ్లు మెచ్చుకున్నది ఆ ఒక్క నియమాన్నే. అది మా పిన్ని చెప్పిందని పరిశోధన పత్రం మొదటి పేజీలోనే రాసుకున్నాను.

పిన్ని తర్వాతి వంతుకు పైతూము దగ్గర నేనే నిలబడి నీళ్లు వదిలాను. సిగ్నల్ అలవాటుగా పోయింది. ఫోన్ తెర మీద జవాబు రాలేదనే ఉంది. ఎండలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

కింద నుంచి పిన్ని కేక వినిపించింది.

"అందిందే."

తెర ఇంకా జవాబు రాలేదనే అంటోంది. నేను పార భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరాను.