ఒకవైపే తిరిగే ములుకు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది బడి బెంచీల పని మాకు తగిలింది. విప్పి బిగించుకునే బెంచీలు. ఒక్కో కాలికీ బొటనవేలంత బోల్టు పట్టాలి. అంత లావు బెజ్జం కర్రని తొలిచే మా బరమాతో పడదు. ఆదివారంలోగా ఒక బెంచీ చేసి చూపించకపోతే పని విశాఖపట్నం వడ్రంగులకి పోతుంది. నాన్నకి అన్నం సయించడం లేదు.

అప్పుడు మా అక్క మొగుడు ఒక ఇనప ముక్క తెచ్చి నా ముందు పడేశాడు. ఒళ్లంతా మెలికలు, కొసన మరమేకులాంటి చిన్న మర, తోక నలుపలకగా ఉంది.

"ఏటిది బావా?"

"నాకేటి తెలుసు? మిలట్రీ పాత సామాన్లో దొరికింది. కర్రకి కన్నాలు పడతాయట."

"పడతాయి, నీ నెత్తికి!"

మా బరమాకి తాడు చుట్టి, విల్లుతో ముందుకీ వెనక్కీ లాగుతాం. ములుకు అటూ ఇటూ తిరుగుతూ కర్రని తొలుస్తుంది. నాన్న దీన్నీ అలాగే బిగించి లాగాడు. ముందుకి లాగితే మర కర్రలోకి దిగింది, వెనక్కి లాగితే బయటికొచ్చేసింది. ఎంతసేపు లాగినా ఇదే వరస. బంగారంలాంటి టేకు ముక్క పేడులు పేడులుగా లేచిపోయింది. ఛీ, దిక్కుమాలిన ఇనుము! తీసి గోడకేసి కొట్టాను. నాన్న లేచి వెళ్లి తెచ్చుకుని, పంచెతో తుడిచి మళ్లీ బిగించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు దాన్ని ఊడదీస్తుంటే నా వేలు తెగింది. వేలు కోసిన అంచు పదునే, రెండో పక్క తడిమితే మొద్దు. మా ములుకులకి రెండు పక్కలా పదునుంటుంది. అంటే దీన్ని ఒకవైపే తిప్పాలి, వెనక్కి రానివ్వకూడదు. ఇంతోటి దానికా ఇంత చావు చచ్చాం!

కమ్మరి చేత ఒక కడ్డీని నడుమ వంకీలా వంగదీయించి, కొసన ములుకు తోక పట్టే గూడు పెట్టించాను. పైన అరచేత్తో నొక్కి వంకీ తిప్పితే, ఆ మరే ములుకుని లోపలికి లాక్కుపోయింది. బెజ్జం నున్నగా పడింది.

"తే, కాళ్లకి కన్నాలు నేను కొడతాను," అన్నాడు నాన్న. సగం తిప్పాడు, చెయ్యి వెనక్కొచ్చేసింది.

"ముందుకే నానా!"

మళ్లీ సగం తిప్పాడు. మళ్లీ వెనక్కి. బావ నవ్వబోయి ఊరుకున్నాడు.

"ఎన్నిసార్లు సెప్పాలి, ముందుకే!" అని అరిచాను.

"తెలుత్తందిరా. సెయ్యి ఇనట్నేదు."

తన పెళ్లికి ముందు నుంచీ విల్లు లాగిన చెయ్యి అది. ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు.

నాన్న వంకీ నా చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుని, బెంచీ కాలు కదలకుండా రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. అంతవరకూ అది నా పని.