గోడకి లంగరు తాడు

ఈ రోజు జువ్వలదిన్నె రేవులో నేను డిజైన్ చేసిన గోడకి లంగరు తాడు కట్టేశారు. కట్టింది ఆ గోడ కట్టించుకుంటున్న ఐసు ఫ్యాక్టరీ ఓనరు మస్తానన్న.

ఇటుకల గోడ కాదది. ఇనుప స్తంభాలు నిలబెట్టి, ముందే పోసి ఉంచిన కాంక్రీటు పలకలను వాటికి బోల్టులతో బిగించాం. పొద్దున మస్తానన్న వచ్చి, బోల్టులు పట్టే రంధ్రాలు గుండ్రంగా కాక పొడుగ్గా ఉండటం చూశాడు.

"ఏంది మేడం, రంధ్రాలు సాగిపోయినట్టుండాయి?"

"కావాలనే పెట్టాం అన్నా. గాలికి ఇనుప ఫ్రేము ఊగుతుంది. పలక పగలకుండా ఉండాలంటే అది కాస్త జరగాలి."

"జరగతాదా? నేను కట్టించేది గోడా, పడవా?"

అరగంట వివరించాను. బుద్ధిగా తలూపాడు. నేను అన్నం తిని వచ్చేసరికి, చివరి పలక పైనున్న కొక్కేనికీ స్తంభానికీ కలిపి పడవల నైలాన్ తాడు బిగించేసి ఉన్నాడు.

"మీ మీద నమ్మకం లేక కాదు మేడం. తొలి తుఫాను పోయినాక నేనే విప్పేస్తా."

టన్నుల బరువున్న పలక పడాలనుకుంటే ఆ తాడు దానికి దారప్పోగుతో సమానం. పడీపడీ నవ్వి, ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను.

సాయంత్రం సముద్రపు గాలి లేచింది. పక్క షెడ్డు రేకులు దడదడలాడాయి. టీ తెచ్చిన మస్తానన్న నన్ను చూశాడు, తాడును చూశాడు, గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఎప్పుడు జరుపుకున్నానో ఏమో, పొద్దున గోడ అవతలి చివర వేసుకున్న నా కుర్చీ ఇప్పుడు సరిగ్గా తాడు కట్టిన పలక పక్కనే ఉంది.

నవ్వితే నవ్వండి గానీ, మీరైతే కుర్చీ ఎక్కడ వేసుకునేవారో నిజం చెప్పండి.